ఫ్యాన్ బెల్టు మీద నాన్న బొటనవేలు

ఆల్టర్నేటర్ మొత్తం మార్చామని సర్వీస్ సెంటర్ వాళ్ళు కారు ఇచ్చిన గంటకే డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ లైటు మళ్ళీ వెలిగింది. కాకినాడ రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తితే వేడెక్కిన రబ్బరు వాసన. ఆ వాసనలోనే పెరిగినదాన్ని నేను.

మా నాన్న రావులపాలెంలో అరటి గెలల లారీలకు డైనమోలు బాగుచేసేవారు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఆల్టర్నేటర్‌ని కూడా డైనమో అనే అనేవాళ్ళం. ఛార్జింగ్ ఎక్కట్లేదని ఎవరొచ్చినా నాన్న ముందు ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూసేవారు. బెల్టు వదులైతే జారుతుంది, డైనమో సరిగ్గా తిరగదు, బ్యాటరీకి కరెంటు అందదు. బెల్టు బిగువుగా ఉంటేనే డైనమో విప్పేవారు. అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చి, పాతవి కాగితంలో చుట్టి డ్రైవరు చేతిలో పెట్టేవారు.

"నేనేం తీశానో నువ్వు చూడాలి కదయ్యా" అనేవారు.

నా కారు బెల్టు నొక్కాను. వేలు లోపలికి దిగిపోయింది. కారు వెనక్కి తిప్పి సర్వీస్ సెంటర్‌కే వెళ్ళాను.

"మీరు తీసేసిన ఆల్టర్నేటర్ ఇవ్వండి" అన్నాను.

"స్క్రాప్‌లో పడేశామండి. కంప్యూటర్ అదే ఫాల్టని చూపించిందండి" అన్నాడు సూపర్‌వైజరు.

"బెల్టు ఎవరైనా నొక్కి చూశారా?"

"అవన్నీ మీకెందుకండి మేడం."

ఒళ్ళు మండిపోయింది. అతన్ని కారు దగ్గరకు పిలిచి, అతని చేతే బెల్టు నొక్కించాను. పాత ఆల్టర్నేటర్ వెతకమని కుర్రాళ్ళను పంపాడు.

ఇప్పుడు స్క్రాప్‌లో వెతుకుతున్నారు. నేను వాళ్ళ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. వాళ్ళేం తీశారో నేను చూడాలి.