జాలీ హెడ్‌ఫోన్ మీద నా అభిప్రాయం

పంతొమ్మిదేళ్ల వయసులో నేను ఫాక్‌లాండ్ రోడ్డు పక్క సందులో, రెండో అంతస్తులో ఉన్న ఒక హెడ్‌ఫోన్ల కార్ఖానాలో పనిచేసేదాన్ని. కార్ఖానా అంటే పెద్దదేం కాదు. ఒక పొడవాటి గది, మూడు బల్లలు, ఏడుగురు ఆడవాళ్లం. కొందరు సన్నటి తీగెలకు టంకం పెట్టేవారు, కొందరు స్పాంజి అతికించేవారు. తయారైనవాటిని చెవులకు పెట్టుకుని, రెండువైపులా సరిగ్గా మోగుతున్నాయో లేదో చూడటం నా పని. రోజంతా ఒకే క్యాసెట్టు, అందులో ఒకామె పాడిన ఒకే పాట ముక్క. అలా రెండేళ్లు విన్నాను. అందుకే శబ్దం సంగతి నీకేం తెలుసని ఎవరైనా అంటే నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

యజమాని మా తెలుగాయనే. ఆయన తాతా, మా తాతా పాలమూరు వైపు నుంచి ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చినవాళ్లే. అయినా మేం ఆయన్ని సేఠ్ అనే పిలిచేవాళ్లం.

ఎనభైల నడిమి సంగతి ఇది. దాదర్‌లో క్యాసెట్ల దుకాణం ఉన్న ఒక మరాఠీ ఆయన మాకు ఆర్డరు ఇస్తానన్నాడు. క్యాసెట్టు కొనేముందు జనం విని చూసుకోవడానికి దుకాణంలో హెడ్‌ఫోన్లు పెడతాడట. సేఠ్ రెండు నమూనాలు చేయించాడు. ఒకదానికి చెవి గిన్నె వెనక ప్లాస్టిక్ మూత బిగించి ఉంటుంది, శబ్దం లోపలే ఉండిపోతుంది. రెండోదానికి మూత బదులు సన్నటి ఇనప జాలీ. పాట కొంచెం బయటికి పోతుంది, బయటి చప్పుడు కొంచెం లోపలికి వస్తుంది. బల్లల దగ్గర మేం వాటిని మూతది, జాలీది అనుకునేవాళ్లం. లోపలి స్పీకరు రెండింటిలోనూ ఒకటే.

ఏది బాగుందో తేల్చడానికి సేఠ్ ఒక మధ్యాహ్నం ఐదుగురిని పిలిచి కుర్చీలు వేయించాడు. దాదర్ ఆయన వచ్చాడు. మా గల్లీలోనే ఉండే బ్యాండు మాస్టారు వచ్చాడు, పెళ్లిళ్లలో డోలు వాయించే తెలుగాయన. మిగతా ముగ్గురూ సేఠ్ స్నేహితులు, ఆయన ఏమంటే అదే అనేవాళ్లు. నాకు చదవడం, రాయడం వచ్చు కనక వాళ్లు చెప్పింది రిజిస్టరులో రాసే పని నాకిచ్చారు.

నేను రోజూ వినే ఆ క్యాసెట్టే పెట్టారు. బ్యాండు మాస్టారు ముందు విన్నాడు. "మూతదాన్ల దమ్మున్నది సేఠ్. డోలు కొడితే ఛాతీల కొట్టినట్టున్నది. ఈ జాలీది ఏంది, నీళ్ల చాయ్ లెక్క పల్చగున్నది," అన్నాడు.

దాదర్ ఆయన కూడా మూతదే అన్నాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. ఐదుగురివీ రాశాను. ఆ కింద, ఎవరూ అడక్కుండానే, ఆరోది రాశాను: 'జాలీదే మంచిది. పాడే మనిషి ఎదురుగా నిలబడ్డట్టు ఉంది. మూతదానిలో గొంతు మీద దుప్పటి కప్పినట్టు ఉంది.'

సేఠ్ రిజిస్టరు తీసుకుని పైకి చదువుతూ ఆరోదాని దగ్గర ఆగాడు.

"ఇది ఎవరిది?"

"నాది."

"నిన్నెవరు అడిగిండ్రు?"

"ఎవ్వరు అడగలే. ఇన్న, రాసిన."

దాదర్ ఆయన విషయం తెలుసుకుని నవ్వాడు. పొద్దస్తమానం ఈ గల్లీల గోల వినే చెవులకు పాట గురించి ఏం తెలుస్తుందని మరాఠీలో అన్నాడు. ఫాక్‌లాండ్ రోడ్డంటే ఊళ్లో అందరికీ ఒళ్లమ్ముకునే ఆడవాళ్లే గుర్తొస్తారు. ఆయన మాటల్లోని గోల ఏమిటో, ఈ గల్లీలంటే ఆయన మనసులో ఏం మెదిలిందో గదిలో ఉన్న మా ఏడుగురు ఆడవాళ్లకూ అర్థమైంది. నాకు మరాఠీ రాదనుకున్నాడేమో. నేను పుట్టింది ఇక్కడే. "మా చెవులు సరిగ్గా లేకపోతే మీ దుకాణానికి మేం చేసిన సరుకు ఎందుకు," అని మరాఠీలోనే అడిగాను.

సేఠ్ ముఖం నల్లబడింది. పెన్ను తీసి నా వాక్యం కొట్టేశాడు. నేను రిజిస్టరు ఇటు లాక్కుని, కొట్టేసినదాని కిందే మళ్లీ రాశాను. ఈసారి అక్షరాలు పెద్దవిగా పడ్డాయి.

"పోరీ, పని ఉంచుకుంటవా, ఇడుస్తవా?"

సిమెంటు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మా నాన్న రెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి సేఠ్‌కు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"పని ఇడిస్తే నా చెవులు నాతోనే వస్తయి సేఠ్. గవ్వి ఇక్కడుండవు."

బ్యాండు మాస్టారే కల్పించుకున్నాడు. "ఉండు సేఠ్. పిల్ల దినమంతా ఇదే ఇంటది గదా. ఎట్ల తెలిసిందో చెప్పనీ."

నేను ఆయన వైపు తిరిగాను. "టేపుల పాడినామెను మనం ఎవ్వరం ఎదురుగ ఇనలే మాస్టారూ. ఆమె గొంతు అసలు ఎట్లుంటదో మనకేం ఎరుక? ఎరుకున్న గొంతు టేపుల ఎక్కించి ఇనుండ్రి. అప్పుడు చెప్పుండ్రి."

"ఎవరి గొంతు?"

"మా అమ్మది."

మా అమ్మ పెళ్లయిన కొత్తలో మిద్దెల మీద సున్నం దిమ్మిస కొట్టే పనికి వెళ్లేది. ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో కొడుతుంటే ఒకరు పాట ఎత్తుకోవాలి. ఎత్తుకునేది మా అమ్మే. మేముండే చాల్, వరసగా ఒంటిగది ఇళ్లున్న కట్టడం, రెండు గల్లీల అవతల. నేను పరుగున వెళ్లేసరికి అమ్మ నల్లా దగ్గర బట్టలు పిండుతోంది.

"నేనెందుకే? అక్కడ మొగోళ్లు కూసున్నరంటివి."

"ఊరంత ఇనేటట్టు మిద్దె మీద పాడినవు గదనే. గీ ఐదుగురికి భయపడ్తవా?"

అమ్మ చీర కుచ్చిళ్లు దించుకుని, చేతులు తుడుచుకుని నా వెంట వచ్చింది. మెట్లెక్కుతుంటే మాత్రం, అమ్మను వీళ్ల ముందు నవ్వులపాలు చేస్తున్నానా అనిపించింది.

అమ్మ నవ్వులపాలు కాలేదు. కార్ఖానా టేప్‌రికార్డరు మైకు ముందు నిలబడి, చేత్తో బల్ల మీద దిమ్మిస దరువు వేస్తూ నాలుగు చరణాలు పాడింది. ఏళ్ల తరబడి ఎండలో అరిచి పాడిన గొంతు అది. అందులో ఒక జీర ఉంటుంది. చరణం చివర ఊపిరి ఎగబీల్చుకుంటుంది. రికార్డయ్యాక బ్యాండు మాస్టారు రెండింటినీ మార్చి మార్చి విన్నాడు. "అక్కా, ఒక్కపారి మళ్ల పాడు," అని అడిగి, ఆమె ముఖం చూస్తూ విన్నాడు. మళ్లీ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"గొంతుకు జాలీదే," అన్నాడు చివరికి. "ఆ జీర మూతదాన్ల ఇనవడ్తలేదు. నేను డోలోణ్ణి, నా చెవు డోలు కోసమే ఎతుకుతది. నా మాట మార్చి రాయి బిడ్డా."

అమ్మకు కూడా పెట్టాను. మూతది పెట్టుకుని, "దీంట్ల నాకు పడిశం పట్టినట్టున్నదే," అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. జాలీది పెట్టుకుని, పాట అయ్యేదాకా విని, తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

దాదర్ ఆయన మనసు మారలేదు. తన దుకాణం బస్సుల రోడ్డు మీద ఉందనీ, జాలీ గుండా హారన్లన్నీ చెవిలోకి వస్తాయనీ, మూతవే పంపమనీ చెప్పి వెళ్లిపోయాడు. అది న్యాయమైన మాటే. ఆ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని. మా గల్లీని అనాల్సిన పని లేదు.

మర్నాడు సేఠ్ జాలీ నమూనాను నా బల్ల మీద పడేశాడు. "ఎవ్వరు కొనరు దీన్ని. తీస్కపో."

"ఎవ్వరు కొనరని కాదు సేఠ్. మంచిదని తీస్కపోతున్న," అన్నాను. ఆయన విననట్టు వెళ్లిపోయాడు. పని మాత్రం తీసెయ్యలేదు. రిజిస్టరులో నా రెండో వాక్యం అలాగే ఉంది, కొట్టేయలేదు. నేను వెళ్లి చూశాను.

అమ్మ పాట ఎక్కించిన క్యాసెట్టు కూడా తెచ్చుకుని, పక్కవాళ్ల టేప్‌రికార్డరు అడిగి, ఇంట్లో నాన్నకు ఆ హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. పది అడుగుల ఖోలీ మాది, ఒకటే గది. పొయ్యి దగ్గర నేను రొట్టెలు చేస్తుంటే జాలీలోంచి ఆ పాట సన్నగా నాకూ వినిపించింది. పక్క ఖోలీ పిల్లల ఏడుపు, గ్యాలరీలో ఆడవాళ్ల మాటలు నాన్న చెవిలోకి పోతూనే ఉన్నాయి.

"ఎట్లున్నది నాయినా?"

ఆయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గొంతు మంచిగున్నది. గని ఆ మూతదే తేవల్సుండె. గీ లొల్లి ఇనవడకపోతుండె."

ఆయనతో కూడా వాదం వేసుకున్నాను. రొట్టె మాడింది. ఆయన మాట ఆయన మార్చుకోలేదు, నా మాట నేను మార్చుకోలేదు.