కప్ప ప్రవేశించని నాటకం

తలకు రెండు కొమ్ములు పెట్టుకుని, నడుముకు గొంగళి చుట్టుకుని ఉండగా ఉద్యోగం పోయినవాణ్ణి విజయవాడ మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఈ కథ ఇన్నాళ్లూ మా ఆవిడ శారద చెప్పేది, నాకంటే బాగా. కిందటేడు ఆమె పోయింది. ఇక నా పరువు నేనే తీసుకోవాలి.

తొంభైల్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో టెంపరరీ టీచర్ని. వార్షికోత్సవానికి కూచిపూడి నృత్యరూపకం రాయమన్నారు కరస్పాండెంట్ గారు.

“పేరు ‘ఫానా ఆఫ్ కృష్ణా డెల్టా’ అండి. కొంగ, గేదె, రొయ్య, కప్ప. మా మనవడు కప్ప. బాగా వస్తే మీ పోస్టు పర్మనెంటు.”

ఫానా అంటే ఒక ప్రాంతపు జంతుజాలం. అక్కడితో ఆగితే బతికిపోయేవాణ్ణి. నిఘంటువులో కింది వాక్యం కూడా చదివాను. రోమన్ల అడవి దేవుడి పేరు నుంచి వచ్చిన మాటట. కొమ్ములు, మేక కాళ్లు. అంతటి దేవుణ్ణి వదిలేసి గేదెను చూపించడం చదువుకున్నవాడు చేసే పనేనా, మీరే చెప్పండి.

“మాటకు అర్థం అడిగితే గోత్రం చెబుతారు మీరు,” అంది శారద, గొంగళి కత్తిరించి మేక కాళ్లు కుడుతూ.

కూచిపూడిలో ప్రతి పాత్రా తనను తాను పరిచయం చేసుకుంటూ పాటతో రంగం మీదికి వస్తుంది. దాన్ని ప్రవేశ దరువు అంటారు. దేవుడికి నేను రాసిన దరువు పొడవు చూసి ఒక్క పిల్లవాడూ ఆ వేషానికి ఒప్పుకోలేదు. నేనే కట్టాను. నాకు నాట్యం రాదు. ఆ దేవుడికి వచ్చని మాత్రం ఎవరు చూశారు?

డాన్సు మేష్టారు పాడుతున్నారు. మండుటెండలో తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడ్డవాడిలా నేను కాళ్లు మార్చి మార్చి వేస్తున్నాను. ముందు వరసలో ముఖ్య అతిథి గారి గొంతు వినిపించింది.

“ఎవరండీ ఈయన?”

“అడవి దేవుడంటండీ,” అన్నారు కరస్పాండెంట్ గారు.

“మన డెల్టాలో అడవెక్కడిదండీ?”

“జంతువులొస్తాయండీ, కూర్చోండి. మా మనవడు కప్ప.”

తెర పక్క నుంచి శారద పిలిచింది. “ఏవండీ, కొంగ ఏడుస్తోంది. లోపలికి రండి.”

“పాటలో ఇంకా రోము నగరం రాలేదు,” అన్నాను పళ్ల సందున.

“రొయ్య మీసాలు పీకేసుకుంది. గేదెను వాళ్లమ్మ ఇంటికి తీసుకుపోతోంది.”

“దేవుడి వంశం అయిపోనీ.”

వంశం పూర్తవకముందే ముఖ్య అతిథి గారు లేచి వెళ్లిపోయారు. దరువు ముగిసేసరికి తెర వెనక మిగిలింది కప్ప ఒక్కటే, బెంచీ మీద నిద్రపోతూ. కరస్పాండెంట్ గారు ఆకుపచ్చ మనవణ్ణి భుజాన వేసుకుని నా ముందు ఆగారు.

“మేష్టారూ, మా ఫానా పడుకుంది. మీరు కూడా రేపట్నించి ఇంటి దగ్గరే పడుకోండి.”

ఆటో ఎక్కాం. కొమ్ములు ఊడిరాలేదు, శారద పూసిన జిగురు అంత గట్టిది. ఆటో అతను అద్దంలో చూసి, “ఏం వేషం సార్ ఇది?” అన్నాడు. నేను నోరు తెరిచాను. శారద చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ కొమ్ముల సాక్షిగా ప్రమాణం చేశాను, ఎవరు ఏ మాటకు అర్థం అడిగినా అర్థం మాత్రమే చెబుతానని. ఫానా అంటే జంతుజాలం. ఆ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం దయచేసి అడక్కండి. అడ్డం పెట్టే చెయ్యి ఇప్పుడు లేదు.