ఒకే సోమవారం చేరిన ఇద్దరు

ఏప్రిల్ నెల పేరెత్తితేనే ఐలా కొస్కెలా టీచరుకి ఒళ్లు మంట. మంచు కరిగి వీధులన్నీ బురదవుతాయి, రోడ్డు గుంతలు తేలుతుంది, పైగా రాబోయే ఏడాదికి టీచర్ల లెక్క స్కూలు బోర్డు నుంచి దిగుతుంది. మూడూ ఒక్కసారే మీద పడతాయి. కెనడాలో, ఆంటారియో ఉత్తరాన మా పైన్ నారోస్ లాంటి గని ఊళ్లలో ఏ బడికి వెళ్లినా ఇదే గోల.

బోర్డు వాళ్లేమీ దుర్మార్గులు కారు. ఎక్కడో పట్నంలో కూర్చుని, సెప్టెంబర్లో ఏ బడికి ఎంతమంది పిల్లలొస్తారో చలికాలంలోనే అంచనా కడతారు. పిల్లల్ని బట్టి టీచర్లు. పిల్లలు తగ్గితే టీచరూ తగ్గాలి. చివర చేరినవాళ్లు ముందు బయటికి. ఇంకో బడిలో ఖాళీ ఉంటే అక్కడికి పంపుతారు, లేకపోతే ఇంటికి పంపుతారు. ఇందులో ఎవర్నీ పట్టుకుని తిట్టడానికి లేదు, అదే ఐలాకి మరీ విసుగు. తిట్టడానికి ఒక మనిషంటూ దొరికితే సగం బరువు దిగిపోయేది.

ఈ ఏడు గని మూతపడింది. సామాన్లు కట్టుకుని వెళ్లిన కుటుంబాలు పోగా, మిగిలిన పిల్లలకి ఒక టీచరు ఎక్కువని తేలింది. కొత్తగా వచ్చిన కుర్ర టీచర్లు అంతకుముందు కోతల్లోనే పోయారు. ఇక చివర మిగిలింది ఐలా, ఆమె స్నేహితురాలు ఒడెట్ లాబ్రోస్. ఇద్దరూ ఒకే సోమవారం ఉద్యోగంలో చేరారు. ముందెవరు వెనకెవరు అంటే చెప్పడానికి లేదు. అలాంటప్పుడు చీటీ తీయడమే రూలు. ఈసారి వేరే బడుల్లోనూ ఖాళీ లేదు, చీటీలో ఓడినవాళ్లు ఇంటికే.

నిజానికి ఇద్దరూ ఒక వారం ముందే చేరాల్సింది. ఆ వారంలోనే ఒడెట్ చెల్లెలు చనిపోయింది, పసిపిల్లని వదిలేసి. ఆ పిల్లని అప్పట్నుంచీ ఒడెట్టే పెంచుతోంది. ఒడెట్ బోర్డుకి ఫోన్ చేసి ఆలస్యంగా చేరతానంది. తను అనుకున్న రోజుకే చేరిపోయే వీలున్నా, ఒడెట్ కోసం ఐలా కూడా అలాగే ఫోన్ చేసింది. ఆ వారమంతా ఒడెట్ ఇంట్లోనే ఉండి వండిపెట్టి, పిల్లని ఎత్తుకుని తిరిగింది. తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?

ఒడెట్‌కి చూపు సరిగ్గా ఆనదు, బండి నడిపే లైసెన్సు ఇవ్వలేదు. ఇద్దరూ ఉండేది చెరువు పక్క పల్లెలో, బడి దూరం. పన్నెండేళ్లుగా రోజూ ఏడింటికి ఐలా బండి ఒడెట్ గేటు ముందు ఆగడం, రెండుసార్లు హారన్ కొట్టడం, ఒడెట్ కోటు గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకు రావడం. "చెవులు చిల్లులు పడేట్టు ఎందుకే ఆ మోత?" అని ఒడెట్ రోజూ అంటుంది. "నువ్వు ఒక్కరోజు టైముకి రా, మానేస్తా" అని ఐలా రోజూ అంటుంది.

చీటీ రోజు బడి అయ్యాక హెడ్మిస్ట్రెస్ పిరీ మేడం గదిలో కూర్చున్నారు. యూనియన్ తరఫున ఒకాయన సాక్షిగా వచ్చాడు. చీటీలు వేయడానికి ఏమీ దొరక్క, పిల్లలు పారేసుకున్న వస్తువుల పెట్టెలోంచి ఓ ఎర్ర ఉన్ని టోపీ తెచ్చారు.

"మీలో ఎవరైనా తమంతట తాము తప్పుకుంటానంటే చీటీ అక్కర్లేదమ్మా," అంది పిరీ మేడం నేల చూపులు చూస్తూ. "అడగడం నా విధి. అందుకని అడుగుతున్నా."

తప్పుకునే స్థితి ఐలాకి లేదు. ఇంట్లో భర్త రేయో ఉన్నాడు. గని దుమ్ము ఊపిరితిత్తులకి పట్టేసింది. ఆయన పీల్చే మందుకి డబ్బిచ్చేది ఐలా ఉద్యోగంతో వచ్చిన బీమాయే. ఉద్యోగం పోతే ఆ మందూ పోయినట్టే. అందుకే ఆమె ఒడెట్ వైపు చూసింది. ఆ వారం గుర్తుండే ఉంటుంది, నేను తప్పుకుంటానని ఒక్క మాట అంటుందేమోనని ఆశ. ఉందని ఒప్పుకోవడానికి సిగ్గేసినా, ఆశే.

ఒడెట్ టోపీ వంకే చూస్తూ కూర్చుంది. ముందుగా ఒడెట్టే అందులో చెయ్యి పెట్టింది. ఉండిపోయే చీటీ ఆమెకే వచ్చింది.

ఇద్దరూ ఎప్పటిలాగే ఐలా బండిలో ఇంటికి బయల్దేరారు. వైపర్లు బురద తుడుస్తూనే ఉన్నాయి. వెనక సీట్లో పెట్టిన, ఐలా వారం వారం ఒడెట్ ఇంటికని చేసే యాలకుల రొట్టె వాసన బండంతా నిండి ఉంది.

"ఆ వారం నాకు గుర్తుందే," అంది ఒడెట్ చివరికి. "తప్పుకుంటానని చెబుదామనే లోపలికొచ్చాను. తీరా నోరు పెగల్లేదు. పిల్ల కళ్లలో మెదిలింది."

"సర్లే."

"సర్లే అనకు. తిట్టు."

"ఓపిక లేదు ఒడెట్."

ఇంకొంత దూరం పోయాక ఒడెట్ నెమ్మదిగా అడిగింది, "మరి సెప్టెంబర్లో నేను బడికెలా వెళ్లాలి?"

ఐలాకి అరికాలి మంట నెత్తికెక్కింది. బండి పక్కకి తీసి ఆపేసింది. "నా ఉద్యోగం నీకు కావాలి. నా బండీ నీకే కావాలి. ఇంకేమైనా కావాలా?"

ఒడెట్ ఏడవలేదు, బతిమాలలేదు. "అవును. రెండూ కావాలి," అంది. "నాకు ఇంకెవరున్నారు?"

ఆ మాట అబద్ధమైతే ఐలా దులిపేసేది. అది నిజం. బండి మళ్లీ రోడ్డెక్కించింది. గేటు దగ్గర ఒడెట్ దిగుతుంటే, "ఆ రొట్టె తీసుకెళ్లు, పిల్లకి," అని మాత్రం అంది.

ఇంట్లో రేయో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె మొహం చూస్తూనే చీటీ సంగతి తెలిసిపోయింది. మందు గొట్టం నోట్లో పెట్టుకోబోయినవాడు దాన్ని అటూ ఇటూ ఊపి, ఎంత మిగిలిందో చూసుకున్నాడు. తర్వాత పీల్చకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"పీల్చు," అంది ఐలా. "బడి సెలవులిచ్చే జూన్ దాకా బీమా వస్తుంది."

మర్నాడు ఏడింటికి బండి ఒడెట్ గేటు ముందు ఆగింది. ఐలా చెయ్యి హారన్ మీదికి వెళ్లలేదు. వెళ్లాల్సిన పనీ లేకపోయింది. ఒడెట్ అప్పటికే కోటు గుండీలన్నీ పెట్టుకుని, బయట బురదలో నిలబడి ఉంది.