ఆలూరు నుంచి కడపకు ఒక తాబేలుతో

మీ ఇంట్లో తాబేలుకు జబ్బు చేస్తే, అందులోనూ మీరు ఆలూరు వైపు వాళ్లయితే, కర్నూలుకు మాత్రం వెళ్లకండి. గుంతకల్లులో రైలెక్కి నేరుగా కడపలో దిగండి. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఒక రోజూ బోలెడంత ఓపికా మిగిలేవి.

తాబేలు నాది కాదు, మా గ్రేసమ్మక్కది. బావ లారీ నడిపే రోజుల్లో హైదరాబాదులో ఓ అక్వేరియం షాపులో కొని తెచ్చాడు. చెవుల దగ్గర ఎర్ర చారలుండే నీటి తాబేలు. నీళ్లలోంచి తీసినవాడని బైబిల్లోని మోషే పేరు పెట్టాడు. బావ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అక్క మా ఇంట్లోనే ఉంటోంది. ఆదివారం చర్చికి తప్ప గడప దాటదు. మాతో మాట్లాడేది తక్కువ, మాట్లాడేదంతా మోషేతోనే.

వారం రోజులుగా మోషే తిండి ముట్టలేదు. కళ్లు వాచి మూసుకుపోయాయి. వీపు మీది చిప్ప నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. అక్క కూడా అన్నం మానేసింది. చర్చిలో ప్రార్థన చేయించింది. పాస్టరుగారు తాబేలు అన్న మాట దగ్గర కాస్త తడబడి, 'సృష్టిలోని ఒక చిన్న ప్రాణి' అని సర్దుకున్నారు. అది పోతే అక్క ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఈ ప్రయాణమంతా కోపంగానే చేశానని ముందే చెప్పేస్తున్నాను.

శుక్రవారం పొద్దున ఆరింటికి కర్నూలు బస్సెక్కాం. మోషే ప్లాస్టిక్ టబ్బులో ఉంది, పైన తడిగుడ్డ. కండక్టరు గుడ్డ ఎత్తి చూసి ఆలోచనలో పడ్డాడు.

"కోడికైతే టికెట్టుండాది. దీనికి యాడుందప్పా?"

"లేకుంటే వదిలెయ్యన్నా," అన్నాను.

"నేను వదిలేస్తే చెకింగోళ్లు నన్ను వదుల్తారా?" అని లగేజీ టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

దేవనకొండ దాటేసరికి బస్సులో సగం మంది తాబేలు వైద్యులైపోయారు. ఒకరు పసుపు పూయమన్నారు. ఒకరు వేపాకు నీళ్లు పోయమన్నారు. వెనక సీటు పెద్దాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "కేసీ కెనాల్లో వదిలేసి పోండప్పా. దాని బతుకు అది బతుకుతాది." అక్క టబ్బును ఒళ్లోకి లాక్కుంది. నేను పెద్దాయనను చూసిన చూపుకి ఆయన నంద్యాల రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకు కర్నూలు. బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అక్క టీ కూడా వద్దంది. ఆటోలో ఒక పశువుల ఆసుపత్రికి వెళ్లి, ఓ బర్రెకూ నాలుగు గొర్రెలకూ వెనక వరసలో నిలబడ్డాం. గంటన్నర తర్వాత లోపలికి పిలిచారు. డాక్టరు కుర్రవాడు. టబ్బు చూడగానే కంగారుపడ్డాడు.

"నక్షత్ర తాబేలా? దాన్ని ఇంట్లో పెట్టుకుంటే కేసవుతాదప్పా!"

కాదని చెప్పడానికే పావుగంట పట్టింది. చారలు చూపించాను, షాపు సంగతి చెప్పాను. చివరికి ఆయన చేతులు కడుక్కుని నిజం చెప్పాడు.

"అన్నా, నేను బర్రెల్ని, గొర్రెల్ని చూసేవాణ్ణి. దీనికి మందు ఒక చుక్క ఎక్కువైనా సచ్చిపోతాది. నేను ముట్టుకోను."

ఆ మాట ఆయన నిజాయితీకి గుర్తని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆయనే ఎవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. చేపలకూ పక్షులకూ తాబేళ్లకూ వైద్యం చేసే డాక్టరమ్మ ఒకామె తిరుపతి నుంచి ప్రతి శనివారం కడపకు వస్తుందట. గుంతకల్లు మీదుగా పోయుంటే ఈపాటికి అక్కడే ఉండేవాళ్లమని ఆయన చెప్పినప్పుడు నేను నెత్తి కొట్టుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు కడప బస్సు దొరికింది. ఆళ్లగడ్డలో భోజనానికి ఆపారు. సాంబారు సంగతి రాయను. మైదుకూరు దాటాక టైరు పంచరైంది. రోడ్డు పక్కన ముప్పావుగంట నిలబడ్డాం. అంతసేపూ అక్క కొంగు పట్టి టబ్బుకు నీడ చేస్తూనే ఉంది. కడపలో దిగేసరికి ఆరు దాటింది.

బస్టాండు ఎదుటి లాడ్జిలో మేనేజరు ఆధార్ కార్డులు తీసుకుని, టబ్బు వైపు వేలు చూపించాడు.

"కుక్కల్ని రానియ్యం భాయ్."

"ఇది కుక్క కాదు."

"అరుస్తాదా?"

"తాబేలు అరిచేదెప్పుడన్నా విన్నావా?"

"సరే, పో. బాత్రూంలో వదలొద్దు. పొద్దున కడిగే ఆమె జడుచుకుంటాది."

గదిలో అక్క చేసిన మొదటి పని కిటికీ మూయడం. రెండో పని టబ్బును మంచం కిందికి నెట్టి, గుడ్డ మళ్లీ తడిపి కప్పడం. నేను ఉడికిపోతూ ఫ్యాన్ కింద పడుకున్నాను.

శనివారం పదింటికి కడప పశువుల ఆసుపత్రికి డాక్టరమ్మ వచ్చింది. సొంతూరు రాజంపేటట, నలభై లోపు వయసు. మాకంటే ముందు బద్వేలు నుంచి వచ్చిన చేపల చెరువాయన ఉన్నాడు. క్యారీబ్యాగులో చచ్చిన చేపలు తెచ్చాడు. "సచ్చి ఎంతసేపైందో తెలీని చేప నాకేం చెప్తాదన్నా? బతికున్నది తీసుకురా, చెరువు నీళ్లు వేరే సీసాలో పట్టుకురా. ఎన్నిసార్లు చెప్పాల?" అని ఆమె విసుక్కుంది. నాకంటే విసుగున్న మనిషి ఒకరు దొరికినందుకు ప్రాణం కాస్త కుదుటపడింది.

మోషేను అరచేతిలోకి తీసుకుని చిప్ప నొక్కి చూసింది. కళ్లు తుడిచింది.

"యాడ పెట్టినారమ్మా దీన్ని?"

"శానా జాగ్రత్తగా పెట్టినా మేడమ్," అంది అక్క. "ఎండ పొడ తగలనియ్యలేదు. వెనక గదిలో కిటికీ మూసి, టబ్బు మీద తడిగోనె కప్పి పెట్టినా."

"తిండి?"

"అన్నం మెతుకులు."

"ఏ ఊరు మీది?"

"ఆలూరు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. "ఆలూర్లో ఎండ దొరక్క తాబేలుకు జబ్బు చేసిందని చెప్తే ఎవరన్నా నమ్ముతారా అమ్మా?"

"మా పక్క ఎండకు గొర్రెలే పడిపోతాయి మేడమ్. అందుకే..." అంటూ అక్క తడిగుడ్డ మడత పెట్టసాగింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. చిప్ప అంటే ఎముకేనట, ఎండ లేకపోతే ఎముక గట్టిపడదట. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఎండలో పెట్టాలి. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. ఎక్కి కూర్చోవడానికి రాయి ఉండాలి, వేడెక్కితే దాక్కోవడానికి ఓ పక్క నీడ ఉండాలి. ఆకుకూర, చిన్న చేపలు, కాల్షియం మందు. కాకులు, కుక్కలు ఎత్తుకుపోతాయి గనుక మనిషి పక్కనే కూర్చోవాలి. కాలువలో వదలమన్నవాళ్లున్నారని నేను ఫిర్యాదు చేశాను. అసలు వదలొద్దంది. ఇది మన దేశపు తాబేలు కాదట, వదిలితే మన తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటుందట.

సూది వేసింది. బతుకుతుందా అని అక్క అడిగింది.

"కండ్లు తెరిచి తిండి పడితే బతుకుతాది. చిప్ప గట్టిపడేదానికి నెలలు పడతాది. ఇంక నా చేతిలో కంటే మీ చేతిలోనే ఎక్కువుండాది."

మధ్యాహ్నం రెండున్నరకు గుంతకల్లు వైపు రైలు. జనరల్ పెట్టెలో కిటికీ పక్కనే చోటు దొరికింది. ఎందుకు దొరికిందో ముద్దనూరు దాటాక తెలిసింది. పడమటి ఎండ నేరుగా ఆ వైపే కొడుతోంది. ఆ వరసలో షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. అక్క మా షట్టరు పైకెత్తి, టబ్బు మీది గుడ్డ తీసేసి, టబ్బును కిటికీకి ఆనించి పట్టుకుంది. సగానికి కొంగు నీడ, సగానికి ఎండ.

"అక్కా, మొగం కాల్తాండాది, దించు," అన్నాడు ఎదుటాయన.

"దించనప్పా. దీనికి ఎండ కావాల." అని మొదలుపెట్టి, ఎముకలు, అద్దం, ఆకుకూర, కాకులు, డాక్టరమ్మ చెప్పిందంతా ఆయనకు అప్పజెప్పింది. రెండేళ్లలో అక్క అన్ని మాటలు ఒక్క బిగిన మాట్లాడటం నేను వినలేదు. ఆయన తువ్వాలు ముఖం మీద కప్పుకుని లొంగిపోయాడు.

వెలుతురులో అక్క మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఇంట్లో రోజూ చూసే మొహమే.

"ఒరే దేవా, నువ్వు నీడకు పో. నీకు తలనొప్పి వస్తాది," అంది నాతో.

"వద్దులేక్కా."

"రేప్పొద్దున వాకిట్లో రాయి యాడ పెట్టాలో నువ్వు చూడు. కావలి నేను కూర్చుంటా."

తాడిపత్రిలో మోషే మెడ కాస్త బయటికి వచ్చింది. కళ్లు ఇంకా తెరవలేదు. రాయలచెరువు దగ్గర కొత్తగా ఎక్కినాయన ఎవరో, ఎవరినీ అడక్కుండానే మా షట్టరు మీద చెయ్యి వేశాడు. ఈసారి అరిచింది నేను.