ఏసీ హాల్లో నా చేతులు

నా అరచేతులకి చెమట పడుతుంది. వినేవాళ్ళకి ఇది నవ్వులాటలా ఉంటుంది. స్టీల్ గిటార్ వాయించేవాడికి మాత్రం ఇంతకన్నా చావు లేదు. గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఎడమ చేత్తో స్టీలు రాడ్డు పట్టుకుని, తీగల మీద నూలుపోగంత తేడా రాకుండా నడపాలి. చెయ్యి తడిసిందా, ఆ రాడ్డు చేపపిల్లే. పట్టుకోండి చూద్దాం!

మా నరసన్నపేట ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళన్నీ ఎండల్లోనే పెట్టుకుంటారు. షామియానా కింద, లైట్ల ముందు కూర్చుంటే ఒళ్ళంతా పులుసైపోతుంది. అందుకే తప్పంతా ఉక్కదే అనుకున్నాను. పౌడరు రాసుకుంటే ముద్ద కట్టింది. పటిక రుద్దితే తోలు లేచింది. ఎవరో చెప్పారని మా ఇంటిది నా చేతులు టీ డికాషన్‌లో నానబెట్టించింది. చెమట తగ్గలేదు గానీ, "గోరింటాకెట్టుకున్నావేటన్నా?" అని ఆర్కెస్ట్రావాళ్ళంతా ఒకటే నవ్వు. శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించుకుంటే టెన్షన్ పడొద్దన్నాడు. పడకుండా ఉండడం నాకు తెలిస్తే ఆయన దగ్గరకెందుకెళ్తాను, నా ఖర్మ కాకపోతే!

మొన్న ఎండల్లో కోటబొమ్మాళి పెళ్ళిలో పరువు పోయింది. పాట మధ్యలో గిటార్ బిట్ నాదే. రాడ్డు వేళ్ళలోంచి జారి తీగల మీద పడి, స్పీకర్లలో ఢామ్మంది. అక్షింతలు వెయ్యబోతున్న జనమంతా ఇటు తిరిగారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆర్కెస్ట్రా మా అక్క మొగుడిది. వ్యాన్ ఎక్కేదాకా ఓర్చుకుని అప్పుడన్నాడు.

"ఒరే బామ్మర్దీ, ఇంకొక్కపాలి రాడ్డు జారిందంటే గిటారు అటకెక్కించీ. బటన్ నొక్కితే కీబోర్డులోనే గిటారు వస్తాది. ఇంకేటి సెప్పమంటావు నన్ను?"

మీసాలు రాకముందునుంచీ ఇదొక్కటే చేస్తున్నాను. ఇది పోతే నేనెవణ్ణి?

ఆ తర్వాతి పెళ్ళి విజయనగరంలో, ఏసీ ఫంక్షన్ హాల్లో. ఆ మాట వినగానే మా ఇంటిది నాకన్నా ఎక్కువ పొంగిపోయింది. "సల్లగా ఉంటాది మావా. నీ సేతులెలా తడుస్తాయో నానూ సూస్తాను" అని తనూ బయల్దేరింది.

నిజంగానే చల్లగా ఉంది. ఆడవాళ్ళు భుజాల నిండా కొంగులు కప్పుకుని కూర్చున్నారు. మొదటి పాట హాయిగా సాగింది. రెండో పాటలో నా బిట్ దగ్గరకొస్తోందనగా తలెత్తితే, మా బావ నా చేతులకేసే చూస్తున్నాడు. అంతే. అరచెయ్యి ఊటబావి అయిపోయింది. ఒంటికి చలేస్తోంది, చెయ్యి మాత్రం కారుతోంది. అప్పుడర్థమైంది నాకు. ఇది ఉక్క కాదు, భయం. ఉక్కకైతే ఏసీ ఉంది, దీనికేముంది? స్టేజీ మీదే ఏడుపొచ్చేసింది.

కాలి కింద పెడల్ వెనక్కి నొక్కి నా గిటార్ సౌండు పూర్తిగా తగ్గించేశాను. నా మొహం చూసి కీబోర్డాయనకి తెలిసిపోయింది. బటన్ నొక్కాడు. వచ్చింది గిటార్. ఎంత శుభ్రంగా వచ్చిందో, ఛీ! నేను రాడ్డుని తీగలకి తగలనివ్వకుండా పైపైనే అటూ ఇటూ ఆడించాను, వాయిస్తున్నట్టు. జనం చప్పట్లు కొట్టారు. మా బావ మళ్ళీ నావైపు చూడలేదు.

పాట అవగానే మా ఇంటిది జనాన్ని తోసుకుంటూ స్టేజీ పక్కకొచ్చింది. కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"ఒక్కపాలైనా జారలేదు మావా! ఎంత బాగా వాయించినావో!" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది.

పట్టుకుని, తన అరచేతులు చూసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"మరి వాయించింది ఎవులు?" అంది.