సాహస సీరియల్లో ముసలాయన

తొంభైల చివర్లో ముదిగుబ్బలో మా వీధి మొత్తానికి మా ఇంట్లోనే కలర్ టీవీ ఉండేది. ఆదివారం పొద్దున తెలుగులో ఒక సాహస సీరియల్ వచ్చేది. అందులో పడుచు వీరుడు ఎడారులు దాటేవాడు, రైలు మీంచి దూకేవాడు. కానీ ప్రతి భాగమూ ఒక ముసలాయనతో మొదలయ్యేది. ఆ వీరుడే ముసలివాడై, చేతికర్రతో ఎవరో ఒకరిని ఆపి తన కథ చెప్పేవాడు. చివర్లో మళ్ళీ వచ్చి, అది ఎట్లా ముగిసిందో చెప్పి నిదానంగా నడిచిపోయేవాడు.

అప్పుడు డిగ్రీ చదువుతున్న నాకు ఆ ముసలాయన అంటే విసుగు. ఆయన కనబడగానే నాయన సౌండు తగ్గించి కాఫీ అడిగేవాడు.

"పెంచప్పా సౌండు!" అని కసిరేవాడు పక్కింటి పెద్దాయన. వయసంతా గొర్రెలు కాసినవాడు. "ఆ పిల్లోనిది ఉత్త ఎగురుడే. జరిగింది ఎట్లుండెనో చెప్తాండేది ఈ ముసలాయప్ప కదా."

ఒక ఆదివారం, వీరుడు పొంగుతున్న ఏటి ఒడ్డున నిలబడి ఉండగా కరెంటు పోయింది. అందరం ఉసూరుమన్నాం. పెద్దాయన గోడకు ఆనుకుని, "అట్లాంటి ఏరు నేను దాటినాలే" అన్నాడు.

"యాడన్నా?" అన్నాడు నాయన నవ్వుతూ.

"తుంగభద్ర కాడ. ఈడ గడ్డిపరక లేని ఏడు. మా తమ్ముడూ నేనూ గొర్రెల్ని తోలుకొని పోయినాం. నీళ్ళు సూసి బెదిరినాయి. మన గొర్రెలు అన్ని నీళ్ళు యాడ సూసింటాయి? ఒక్కటీ కదల్లేదు. ఎనక్కి పోదామని తమ్ముడు ఏడ్చినాడు. ఎనక్కి పోతే ఏముండాది? ముందు నడిచే పొట్టేల్ని భుజాలకెత్తుకొని దిగినా. రొమ్ము కాడికి వచ్చినాయి నీళ్ళు. పొట్టేలు అరిసింది. ఆ అరుపు ఇని ఒక్కొక్కటే దిగినాయి."

"అన్నీ దాటినాయా అన్నా?" ఈసారి నాయన గొంతులో నవ్వు లేదు.

"ఒకటి కొట్టుకపోయింది. సూడి గొర్రె, కడుపుతో ఉండె. చెవి మీద తెల్లమచ్చ." కాసేపు ఆగాడు. "దాన్ని గూడా ఎత్తుకోవాల్సింది."

కరెంటు వచ్చేసరికి సీరియల్ చివరికి వచ్చింది. ముసలాయన ఏదో చెబుతూ మాట మధ్యలో ఆగాడు, చూపు ఎటో పోయింది. మా పెద్దాయన ఇందాక ఆగినట్టే. నెలల తరబడి చూస్తున్నా, ఆ నటుడు ఎంత గొప్పగా చేస్తున్నాడో నాకు ఆరోజే తెలిసింది. తర్వాత ఆయన కోసమే చూసేవాణ్ణి.

కొన్నేళ్ళకు తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో పనికి చేరాను. కేబుల్లో ఆ సీరియల్ మళ్ళీ వేస్తున్నారని తెలిసి, అప్పట్లో దాన్ని చూసిన ఫ్యాక్టరీవాళ్ళం ఏడుగురం టీవీ ముందు పోగయ్యాం. మొదలవగానే పడుచు వీరుడు పరిగెత్తుతున్నాడు.

"ముసలాయప్ప యాడప్పా?" అన్నాడొకడు. చివర్లో కూడా ఆయన రాలేదు. మొత్తం కత్తిరించేశారు.

సెలవుకు ఊరికి పోయినప్పుడు పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను.

"కోసేసినారా? మరి ఆ పిల్లోడు బతికినాడని సూసేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది?" అన్నాడు బాధగా.

ఆ మాటనే ఉత్తరంలో రాసి, ఏడుగురం సంతకాలు చేసి ఛానెల్‌కు పంపాం. జవాబు రాలేదు. అయినా ఫ్యాక్టరీలో టీ తాగేటప్పుడు ముసలాయన చెప్పినవే ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. పోట్లాటలు ఏ భాగంలో ఎవరితో జరిగాయో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.