మూడు నెలలు దాచొద్దన్న డాక్టరమ్మ

చదివే తల్లులందరూ బాగున్నారా? పెద్దవాళ్ళ షుగరు, బీపీ అదుపులో ఉన్నాయా? చిన్నపిల్లల దగ్గులు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను, మనసే బాగాలేదు. లాడ్ బజార్ వెనక సందులో మా డాక్టరమ్మ పోయిన మంగళవారం కాలం చేశారు. నిద్రలోనే పోయారట.

నా కోడలికి మూడుసార్లు కడుపు నిలవలేదు. మా ఇళ్ళలో మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పరు, దిష్టి భయం. డాక్టరుకు కూడా చెప్పేవాళ్ళం కాదు. చెప్పే నెల వచ్చేలోపే అంతా అయిపోయేది. బొప్పాయి తిన్నదనీ, బిందె ఎత్తిందనీ వచ్చినవాళ్ళు తలో మాట అనేవారు.

మూడోసారి పోయాక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించారు, రక్తంలో ఏదో తేడా కనపడింది. కొన్ని వారాలు ఆగి మళ్ళీ అదే పరీక్ష. రెండోది ఎందుకని నాకు ఒకటే గుబులు. ఏదో జ్వరమొచ్చినా ఒకసారి ఆ తేడా కనపడవచ్చట, రెండుసార్లూ ఉంటేనే నమ్ముతానన్నారు. రెండుసార్లూ ఉంది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని నాకు చెప్పారు.

“ఈ పిల్ల తప్పేం లేదు పెద్దమ్మా. రోగాలు రాకుంట ఒంటికి కావలి కాసే శక్తే దారి తప్పి రక్తం గడ్డ కట్టిస్తున్నది. కడుపుల బిడ్డను సాకే మాయకు రక్తం సక్కగ అందుతలేదు. మందున్నది. గని పట్టీ మీద రెండు గీతలు రాంగనే నాకు చెప్పాలె. ఊరోళ్ళ కాడ దాసుకోండ్రి, నా కాడ దాయకుండ్రి.”

సూదికి రోజూ రావాలన్నారు, అలా వస్తే సందులోవాళ్ళు పసిగడతారని గొణిగాను. ఆమె నవ్వారు. “నీ మోకాళ్ళ నొప్పని చెప్పి రా. కోడలు తోడొచ్చిందంటరు.”

అలా కోడలి నాలుగో కడుపుకు నేను రోగినయ్యాను. సందు మలుపు నుంచే కుంటేదాన్ని. రక్తం గడ్డకట్టకుండా కోడలికి చిన్న ఆస్పిరిన్ గోలీ, పొట్ట మీద రోజూ హెపారిన్ సూది. గుచ్చినచోటల్లా నీలంగా కమిలితే నాకు అన్నం దిగేది కాదు. బిడ్డకు తగలదా అని అడిగిందే అడిగేదాన్ని. ఆ సూదిమందు మాయ దాటి పోదని మొదటిసారి అడిగినట్టే చెప్పేవారు. పక్కా నిలుస్తుందని మాత్రం ఏనాడూ అనలేదు, చాలామందికి నిలుస్తుందనేవారు. లేచేటప్పుడు, “నీ ఫికరంతా ఈడనే పెట్టిపో, నేను జూసుకుంట,” అనేవారు. నా మోకాళ్ళు కూడా నిజంగానే చూసేవారు.

మనవరాలు పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది.

నిన్న పొద్దున కోడలికి మళ్ళీ రెండు గీతలు కనిపించాయి. ఎవరికి చెప్పాలో తెలియక నేను డాక్టరమ్మ రాసిన పాత చీటీలు తిరగేశాను. ఆమె దగ్గర పని నేర్చిన చిన్న డాక్టరమ్మకు కోడలే ఫోన్ చేసింది. గోలీ, సూది వెంటనే మొదలుపెట్టించారు. మీకూ చెప్పెయ్యమని కోడలే అన్నది, అందుకే మూడు నెలలు ఆగకుండా రాస్తున్నాను.

చిన్న డాక్టరమ్మ పెద్దామె కుర్చీలో కూర్చోవడం లేదట, పక్కన స్టూలు వేసుకుని చూస్తున్నారట. మమ్మల్ని శుక్రవారం పదకొండింటికి రమ్మన్నారు.